ముందు చక్రం మాట వినాలంటే

గురజాల నుంచి రోజూ పొలానికి పోయే ఒక కుర్రాణ్ణి ఊహించుకోండి. పేరుతో పనిలేదు, పల్నాడులో ఇలాంటివాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ముందు పెద్ద చక్రం, ఎత్తు సీటు, పొడవాటి ఫోర్కు ఉన్న బండి కొన్నాడు. తారు రోడ్డు మీద ముచ్చటగా పోతోంది. కాలువకట్ట ఎక్కి, గ్రావెల్ మీద మలుపు తిప్పాడంటే మాత్రం ముందు చక్రం మలుపు వదిలేసి బయటికి జారిపోతోంది. రెండుసార్లు కాలు ఆనించి తప్పించుకున్నాడు, మూడోసారి పడ్డాడు. మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాడు.

“అన్నా, ముందు చక్రానికి పట్టే లేదు.”

“ఫోర్కు మెత్తబడిందిరా తమ్ముడూ. చిక్కటి ఆయిల్ పోద్దాం, గట్టిపడుద్ది.”

చిక్కటి ఆయిల్ పోశారు. జారడం తగ్గలేదు సరికదా, రాళ్ళ మీద చేతులు అదిరిపోవడం కొత్తగా మొదలైంది. తర్వాత ముందు టైరు మార్చారు. కొంచెం నయమనిపించింది, వారానికి మళ్ళీ మామూలే. ఇంత జరిగినా వెనక సీటు దాటి ఉన్న క్యారియర్ వైపు ఎవరూ చూడలేదు. దాని మీద మందు కొట్టే పంపు, 20 లీటర్ల డబ్బా ఎప్పుడూ కట్టే ఉంటాయి. పత్తికీ మిరపకీ వారం వారం మందు కొట్టే ఊళ్ళో బండి వెనక అవి లేని రోజు ఉండదు.

ఈ అధ్యాయంలో చెప్పేది ఒకటే సంగతి. ముందు చక్రం చేసే తప్పుకు మూలం చాలాసార్లు వెనక చక్రం దగ్గర ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి అనుభవం కంటే ముందు కొలత టేపు కావాలి.

కాడి మీద బరువు

ఎద్దులబండి తోలినవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. గడ్డి వేసినా బస్తాలు వేసినా ముందు తూకం చూస్తారు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, మెడతాళ్ళు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. ముందుకు పడితే కాడి మెడ మీద కూర్చుంటుంది. ఎద్దులు ఇబ్బంది పడుతుంటే బండి తోలేవాడు ఎద్దుల్ని తిట్టడు, బస్తా జరుపుతాడు.

మోటారుసైకిలుకూ అదే లెక్క. రెండు ఇరుసుల మధ్య దూరం 1400 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక ఇరుసుకు 200 మిల్లీమీటర్లు వెనకగా 20 కిలోల డబ్బా కడితే, తులాదండం సూత్రం ప్రకారం ముందు చక్రం మీద దాదాపు 3 కిలోలు తగ్గుతాయి. వెనక చక్రం మీద 20 కాదు, దాదాపు 23 కిలోలు పెరుగుతాయి. ముందు తగ్గిన 3 కిలోలు పెద్ద లెక్కలోవి కావు. అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఆ 23 కిలోలకు వెనక స్ప్రింగు కుంగుతుంది, బండి వెనక్కి వాలుతుంది, దాంతో ముందు ఫోర్కు ఉన్న కోణమే మారిపోతుంది.

ఈ మార్పు ఆఫ్‌రోడ్ బండికి ఎక్కువగా ఎందుకు తగులుతుంది? అది పొడవు కాళ్ళ బండి కనుక. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌లో ముందు సస్పెన్షన్ కదలిక 200 మిల్లీమీటర్లు, వెనక 180. 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200లో అవి 190, 170. రెండింటికీ ముందు చక్రం 21 అంగుళాలు. మామూలు బండిలో ఫోర్కు కుంగడానికి ఇంత చోటు ఉండదు. కుంగే చోటు ఎక్కువైనకొద్దీ గోతులు తట్టుకునే శక్తి పెరుగుతుంది, ముందుకూ వెనక్కీ ఊగే గుణం కూడా పెరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు ముందు భాగం 100 మిల్లీమీటర్లు దిగిందంటే, 1400 పొడవున్న బండి 4 డిగ్రీలు ముందుకు వాలినట్టు.

కంటికి కనపడని కొలత

ఆసుపత్రిలో స్ట్రెచర్ కింద చక్రాలు చూడండి. ఎటు తోస్తే అటు తమంతట తామే తిరిగి సర్దుకుంటాయి. చక్రం నేలను తాకే చోటు, అది తిరిగే ఇరుసు గీతకు కాస్త వెనకగా ఉండటమే దానికి కారణం. వెనక ఉన్నది ముందున్న దాని వెంట ఈడ్చుకుపోతుంది.

మోటారుసైకిలులోనూ ఇదే ఏర్పాటు. హ్యాండిల్ తిరిగే ఇరుసును గీతలా కిందికి పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు ముందుగా నేలను తాకుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. హ్యాండిల్ ఇరుసు నిలువు నుంచి వెనక్కి వాలిన కోణం రేక్. ట్రెయిల్ ఎక్కువైతే బండి తిన్నగా పోవడానికి మొగ్గు చూపుతుంది, మలుపుకు బద్ధకిస్తుంది. వదులు నేల మీద ఆ బద్ధకమే జారుడుగా కనిపిస్తుంది. తక్కువైతే చెప్పిన వెంటనే తిరుగుతుంది, కానీ వేగంలో హ్యాండిల్ నిలవదు.

లెక్క వేసి చూద్దాం. 90/90-21 టైరు ఎక్కించిన చక్రం వ్యాసార్ధం దాదాపు 347 మిల్లీమీటర్లు. హ్యాండిల్ ఇరుసు గీత నుంచి చక్రం ఇరుసు 50 మిల్లీమీటర్లు ముందుకు జరిగి ఉందనుకుందాం. రేక్ 26 డిగ్రీలైతే ట్రెయిల్ దాదాపు 114 మిల్లీమీటర్లు. అదే 27 డిగ్రీలైతే 121. ఒక్క డిగ్రీకి 7 మిల్లీమీటర్లు. 1400 పొడవున్న బండిలో ఆ ఒక్క డిగ్రీ రావడానికి వెనక భాగం 24 మిల్లీమీటర్లు కుంగితే చాలు. మనిషి బొటనవేలి వెడల్పంత అన్నమాట.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. ట్రెయిలే అన్నిటికీ జవాబు అనుకోకండి. 1970లో బ్రిటన్‌కు చెందిన డేవిడ్ జోన్స్ ఎవరూ తొక్కలేని సైకిలు తయారు చేయాలని పట్టుబట్టాడు. తిరిగే చక్రం వల్ల వచ్చే గైరోస్కోపు ప్రభావాన్ని, ఎదురు తిరిగే ఇంకో చక్రం పెట్టి రద్దు చేశాడు. అయినా సైకిలు తొక్కగలిగాడు. ట్రెయిల్‌ను తారుమారు చేశాక గానీ అది మొండికెయ్యలేదు. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకుల బృందం ఇంకో అడుగు ముందుకేసింది. గైరోస్కోపు ప్రభావమూ ట్రెయిలూ రెండూ సాయపడని ఒక చిన్న చక్రాల సైకిలు చేసి, తోసి వదిలితే అది తనంతట తానే నిలబడి పోగలదని చూపించింది. బరువు ఎక్కడెక్కడ ఉందన్నది కూడా అంత ముఖ్యమన్నమాట. వీటన్నిటిలో మన చేతిలో ఉన్నవి బండి వాలు, బరువు పెట్టే చోటు.

టేపు పట్టి కొలుద్దాం

ఇప్పుడు మన కుర్రాడి బండి కొలుద్దాం. కావలసినవి కొలత టేపు, పెన్ను, ఇద్దరు స్నేహితులు.

బండిని స్టాండు మీద ఎత్తి వెనక చక్రం గాలిలో ఉండేట్టు చూడండి. వెనక ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింద ఒక చోట గీత పెట్టి దూరం కొలవండి. 600 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. బండిని నేల మీద నిలిపి, ఎవరూ ఎక్కకుండా కొలిస్తే 585. అంటే సొంత బరువుకు 15 కుంగింది. కుర్రాడు హెల్మెట్, బూట్లు వేసుకుని, రోజూ మోసే బరువు కట్టి ఎక్కి కూర్చున్నాక 522. మొత్తం కుంగుడు 78. దీన్ని శాగ్ అంటారు. వెనక సస్పెన్షన్ మొత్తం కదలిక 200 అనుకుంటే 78 అంటే 39 శాతం. ఆఫ్‌రోడ్ బండికి మూడో వంతుకు కాస్త అటూ ఇటూ, అంటే 60 నుంచి 66 దాకా ఉండటం ఆనవాయితీ. ముందు కూడా ఇలాగే కొలిస్తే 200కి 42 వచ్చింది, అంటే 21 శాతమే. అక్కడ 50 నుంచి 60 దాకా ఉండాలి.

ఆ హద్దుల నడిమి కొలతతో పోలిస్తే వెనక 15 మిల్లీమీటర్లు కిందికి, ముందు 13 మిల్లీమీటర్లు పైకి. కలిపితే 28. ఇందాకటి లెక్కలో ఒక డిగ్రీకి కావలసింది 24. కుర్రాడి బండి పుట్టుకతో ఉన్న రేక్ కంటే ఒక డిగ్రీ పైచిలుకు వాలి పోతోంది. ముందు చక్రం మీద బరువు తక్కువ, ట్రెయిల్ ఎక్కువ. గ్రావెల్ మలుపులో జారకేం చేస్తుంది?

ఫోర్కు కొలిచేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. బండిని కిందికి నొక్కి మెల్లగా వదిలితే ఒక కొలత, పైకి లాగి మెల్లగా వదిలితే ఇంకో కొలత. ఈ తేడా ఫోర్కు గొట్టాల్లో సీళ్ళు, బుష్‌లు పట్టేసే రాపిడి వల్ల వచ్చేది. రెండింటి సగటు తీసుకోండి. తేడా మరీ ఎక్కువైతే అదే ఒక రోగం, దాని సంగతి తర్వాత చూద్దాం.

బిగిస్తే గట్టిపడదు

ఇక్కడ చాలామంది చేసే పని, వెనక స్ప్రింగు మీది రింగును తిప్పి బిగించడం. ప్రీలోడ్ పెంచడం అన్నమాట. బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని నమ్మకం. అది పొరపాటు.

కూరగాయల అంగట్లో స్ప్రింగు త్రాసు గుర్తు చేసుకోండి. కిలోకు ముల్లు ఎంత దిగితే రెండు కిలోలకు దానికి రెట్టింపు దిగుతుంది. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రం ఇదే. త్రాసు పళ్ళెంలో ముందే ఒక రాయి పెట్టినా, ఆ తర్వాత వేసే ప్రతి కిలోకూ ముల్లు అంతే దిగుతుంది. ప్రీలోడ్ అలాంటి రాయి. స్ప్రింగు స్వభావం మారదు, మొదలుపెట్టే చోటు మారుతుంది, అంతే.

మన కుర్రాడి బండిలో ప్రీలోడ్ 15 మిల్లీమీటర్ల మేర పెంచితే శాగ్ 78 నుంచి 63కి వచ్చింది. భేషుగ్గా ఉందనిపిస్తుంది. కానీ బండి సొంత బరువుకు కుంగే 15 కూడా సున్నా అయిపోయింది. వెనక చక్రం పూర్తిగా సాగిపోయి ఉంది. గోతిలోకి చక్రం దిగాలంటే ఇంకా సాగే చోటు లేదు, బండి చక్రాన్ని వదిలి గాలిలో పోతుంది. ఇదే గుర్తు: మనిషి ఎక్కినప్పటి శాగ్ సరిపోయి, సొంత బరువు శాగ్ దాదాపు సున్నాకు పడిపోతే మీ బరువుకు స్ప్రింగు మెత్తన. 20 శాతం గట్టి స్ప్రింగు వేస్తే మనిషికీ బరువుకూ కలిపి 53 కుంగుతుంది, సొంత బరువుకు 10 మిగుల్చుకునేలా ప్రీలోడ్ సర్దుకుంటే మొత్తం 63 దగ్గరికి వస్తుంది.

తలకిందులైన లెక్క ఇంకొకటి ఉంది, వినడానికి వింతగా ఉంటుంది. మనిషి ఎక్కినప్పటి శాగ్ సరిపోయి, సొంత బరువుకే బండి బాగా కుంగి ఉంటే స్ప్రింగు మీకు గట్టిది అయినట్టు. గట్టి స్ప్రింగును మీ బరువుకు సర్దడానికి ప్రీలోడ్ అంతా వదులు చేయాల్సి వచ్చింది, అందుకే అది సొంత బరువుకే వాలిపోయింది.

ఫోర్కు గొట్టాలను పై బిగింపుల్లోంచి కొద్దిగా పైకి జరిపితే ముందు భాగం దిగుతుంది, రేక్ తగ్గుతుంది. అయితే ఒకసారి 3 నుంచి 5 మిల్లీమీటర్లు దాటవద్దు. ఫోర్కు పూర్తిగా కుంగినప్పుడు టైరు మడ్‌గార్డుకో కింది బిగింపుకో తగలకుండా చూసుకోవాలి. వెనక సరిచేయకుండా ముందును దించితే, జబ్బును దాచడమే అవుతుంది.

ప్రభ తాళ్ళు

నరసరావుపేట దగ్గర కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళలో 90 అడుగుల ప్రభలు నిలబెడతారు. చక్రాల మీద పోయే ప్రభ ఒక గోతిలో పడితే పైభాగం ఊగుతుంది. ఆ ఊపును ఆపేది చుట్టూ తాళ్ళు పట్టిన జనం. ఊగినప్పుడల్లా ఎదురు లాగి ఊపులోని బలాన్ని తింటారు. తాళ్ళు లేకపోతే ప్రభ ఊగుతూనే ఉంటుంది.

స్ప్రింగు ఊపుకు అలాంటి తాళ్ళు డ్యాంపర్లు. ఫోర్కులోనూ వెనక షాకబ్జర్‌లోనూ ఆయిల్‌ను చిన్న రంధ్రాల గుండా తోయించి, ఊపులోని శక్తిని వేడిగా మారుస్తారు. సిరంజిలో నీళ్ళు నింపి మెల్లగా నొక్కితే తేలిగ్గా పోతాయి, గట్టిగా నొక్కితే ఎదురు తిరుగుతాయి. సాదా రంధ్రంలో వేగం రెండింతలైతే నిరోధం దాదాపు నాలుగింతలు. ఇక్కడ వేగమంటే బండి వేగం కాదు, ఫోర్కు కుంగే వేగం. మెల్లగా పోతున్నా పదునైన రాయి తగిలితే ఫోర్కు చాలా వేగంగా కుంగాలి. సాదా రంధ్రాల ఫోర్కు అక్కడ గట్టిపడిపోతుంది, దెబ్బ చేతుల్లోకి వస్తుంది.

మెకానిక్కు పోసిన చిక్కటి ఆయిల్ ఏం చేసిందో ఇప్పుడు అర్థమవుతుంది. కుంగడాన్ని ఆపింది, లేవడాన్ని కూడా ఆపింది. రాళ్ళ మీద గట్టిపడింది. ముందు చక్రం మీద బరువు పడాల్సిన వేళ ఫోర్కు దిగడానికి ఆలస్యం చేసింది. జబ్బు వెనక ఉంటే ముందుకు మందు పోశారు.

ఖరీదైన బండ్లలో రంధ్రాల మీద పలుచని ఉక్కు బిళ్ళలు పొరలుగా పెడతారు. దెబ్బ పెద్దదైతే అవి వంగి దారిస్తాయి. కుంగుడుకూ లేపుడుకూ వేర్వేరు మీటలు కూడా ఉంటాయి. 2023లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 4వి ప్రోలో ముందు కదలిక 250 మిల్లీమీటర్లు, దానికి సర్దుకునే ఫోర్కు ఇచ్చారు. ఇలాంటి మీటలు ఉన్నవాళ్ళు ముందు ఒకసారి పూర్తిగా బిగించి, అక్కణ్ణుంచి ఎన్ని క్లిక్కులు వదులు చేశారో కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే ఎక్కడ మొదలుపెట్టామో గుర్తుండదు.

కాలువకట్ట మీద అలలు

నాగార్జునసాగర్ కుడి కాలువ కట్టల మీద గ్రావెల్ దారిలో వెళ్ళినవాళ్ళకు తెలుసు. కొన్నిచోట్ల దారి రేకుల కప్పులా అలలు అలలుగా తయారవుతుంది. 2007లో స్టీఫెన్ మోరిస్ అనే పరిశోధకుడు, అతని సహచరులు గుండ్రంగా తిరిగే పళ్ళెంలో ఇసుక పోసి, దాని మీద చక్రాన్ని దొర్లించి చూశారు. కొద్దిపాటి వేగం దాటగానే అలలు పుట్టాయి. చక్రానికి స్ప్రింగు లేకపోయినా పుట్టాయి. చక్రం బదులు పలక పెట్టి ఈడ్చినా పుట్టాయి. దారి పాడవడానికి బండ్ల స్ప్రింగులే కారణమన్న వాదన అక్కడ ఆగిపోయింది.

ఒక అల నుంచి ఇంకో అలకు 75 సెంటీమీటర్లు ఉంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 15 అలలు తగులుతాయి. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య పావు సెకను కూడా లేదు, సెకనులో 15వ వంతే. ఆ వ్యవధిలో ఫోర్కు లేచి నిలబడాలి. లేపుడును ఆపే నిరోధం, అంటే రీబౌండ్, ఎక్కువైతే సగం లేచేసరికి రెండో దెబ్బ పడుతుంది, పావు లేచేసరికి మూడోది. కొంతసేపటికి ఫోర్కు అట్టడుగున కూర్చుని ఉంటుంది. అప్పుడు వచ్చే మొరటు అదురును చూసి చాలామంది “గట్టిగా ఉంది” అనుకుని ఇంకేదో వదులు చేస్తారు. వదలాల్సింది రీబౌండ్. దీని పరీక్ష సులువు. బండి మీద నిలబడి ముందు భాగాన్ని ఒక్క నొక్కు నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే సరే. లేచి, దిగి, మళ్ళీ లేస్తే రీబౌండ్ తక్కువ. పాకుతున్నట్టు మెల్లగా లేస్తే ఎక్కువ.

రెంటచింతల ఎండలు అందరికీ తెలిసినవే. వేసవి మధ్యాహ్నం అలల మీద చాలాసేపు పోతే వెనక షాకబ్జర్ ఆయిల్ వేడెక్కి పలుచబడుతుంది, మజ్జిగ చిలికినట్టు గాలితో కలిసి నురుగు కడుతుంది. నురుగుకు నిరోధం ఉండదు. అందుకే మంచి షాకబ్జర్లలో నైట్రోజన్ వాయువును ఒత్తిడిలో నింపుతారు. ఆ సిలిండరును ఇంట్లో విప్పే సాహసం వద్దు. ఎండ టైరు గాలిని కూడా మారుస్తుంది. పొద్దున 25 డిగ్రీల చల్లదనంలో 22 పీఎస్‌ఐ ఉన్న టైరు, గాలి 50 డిగ్రీలకు వేడెక్కితే 25 పీఎస్‌ఐకి పెరుగుతుంది. గాలి కొలత పొద్దున్నే, బండి కదలకముందు తీసుకోవాలి.

నాపరాళ్ళ అంచులు

మాచర్ల, పిడుగురాళ్ళ ప్రాంతం సున్నపురాయి నేల. నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది. ఇంటి అరుగులకూ పొలం కంచెలకూ అదే. దారిలో ఆ పలకలు ఒరిగి నిలబడితే అంచు కత్తిలా ఉంటుంది. అక్కడ ముందు చక్రం రాయిని మింగకుండా పక్కకు తప్పుకుంటుంటే మూడు చోట్ల చూడాలి.

మొదటిది రాపిడి. ఫోర్కు కొలతల తేడా ఎక్కువైతే అదే ఒక రోగమని ఇందాక అనుకున్నాం. సున్నపు దుమ్ము సీలు పెదవి దగ్గర పేరుకుంటే ఫోర్కు పట్టేస్తుంది. పైనున్న దుమ్ము సీలు జాగ్రత్తగా ఎత్తి, పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క ఒకటి సన్నగా కత్తిరించి లోపల గీరి తుడిస్తే చాలాసార్లు పోతుంది. ఆయిల్ చెమ్మ కనపడితే మాత్రం సీలు మార్చాల్సిందే.

రెండోది వంకర. చక్రం విప్పి ఎక్కించినప్పుడు ఇరుసు పట్టు బోల్టును బిగించేముందు ముందు భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కాలి. అప్పుడు ఫోర్కు రెండు కాళ్ళూ సమంగా సర్దుకుంటాయి. ఆ పని మరిస్తే కాళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. పడిన తర్వాత హ్యాండిల్ కాస్త వంకరగా కనిపిస్తే ఫోర్కు బిగింపుల్లో మెలిపడి ఉండవచ్చు. కొత్తది కొనడానికి ముందు బిగింపులు వదులు చేసి సర్ది చూడాలి.

మూడోది గాలి. గాలి ఎక్కువైతే టైరు రాయి మీద గంతులేస్తుంది. తగ్గించి పట్టు పెంచుకోవచ్చు గానీ, ట్యూబు ఉన్న చక్రంలో మరీ తగ్గిస్తే రాయి అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి. నాపరాళ్ళ దారిలో ఆ నలుగుడు పంచర్లు మామూలే.

నల్లరేగడిలో

ఇక వాన పడ్డ నల్లరేగడి. స్మెక్టైట్ జాతి బంకమన్ను నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, టైరుకు పట్టి మడ్‌గార్డు కింద ఇరుక్కుంటుంది. కొంతసేపటికి ముందు చక్రం తిరగడం మానేసి జారుడుబల్లలా పోతుంది. దీనికి స్ప్రింగూ లేదు, క్లిక్కూ లేదు. మడ్‌గార్డు టైరుకు దూరంగా పైన ఉండాలి, అంతే. ఎండాక ఆ దారిలో ట్రాక్టర్లు వేసిన గాళ్ళు రాయిలా గట్టిపడతాయి. గాడి తప్పడం అనే మాట బండి చక్రాల నుంచే పుట్టిందని గుర్తు చేసుకోండి. గాడిలో పడ్డ చక్రాన్ని చేతులతో బలవంతంగా బయటికి తిప్పితే గట్టు అంచు టైరును మళ్ళీ లోపలికి నెడుతుంది. చూపు దూరంగా పెట్టి, మెల్లగా, గాడితోపాటే పోవాలి.

మన కుర్రాడు ఏం చేయాలి?

ముందుగా చౌకైనవి చూడాలి. గాలి, టైరు పాతబడటం. తర్వాత స్పోకుల బిగువు, రిమ్ము వంకర. తర్వాత హ్యాండిల్ కోన్‌సెట్. ముందు చక్రం గాలిలో లేపి హ్యాండిల్‌ను మధ్యలో పట్టి వదిలితే ఇటైనా అటైనా తానే పడిపోవాలి. మధ్యలో గాటులో పడ్డట్టు ఆగితే బాల్ రేసులు అరిగాయి. ఫోర్కు అడుగు పట్టి ముందుకూ వెనక్కూ లాగితే టక్కుమంటే వదులైంది. మధ్యలో గాటు ఉన్న బండి తిన్నగా పోదు, వదులైన బండి వేగంలో హ్యాండిల్ ఊపుతుంది. ఇవి సరిచేయకుండా శాగ్ కొలిచి లాభం లేదు. ఆ తర్వాత వెనక స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, తర్వాత శాగ్, చివర క్లిక్కులు.

ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చాక అదే దారిలో, అదే బరువుతో, అదే వేగంలో పోయి చూడాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

లక్షణాల గుర్తులు కూడా చెప్పుకుందాం. మలుపు మొదట్లోనే ముందు జారితే వెనక కుంగిందేమో, ముందు గాలి ఎక్కువైందేమో చూడండి. మలుపులో చక్రం లోపలికి మడుచుకుపోతుంటే ముందు మరీ దిగిపోయింది, లేదా వెనక మరీ ఎత్తయింది. తిన్నటి దారిలో వేగంలో హ్యాండిల్ ఊగితే కోన్‌సెట్టూ, ముందు తక్కువ ఎత్తూ చూడండి. రాయికి పక్కకు తప్పుకుంటే రాపిడి, గాలి, కుంగుడు నిరోధం. అలల మీద కూర్చుండిపోతే రీబౌండ్.

మన కుర్రాడు ఈ వరుసలో పోతే శాగ్ కొలిచే దగ్గరే జబ్బు బయటపడుతుంది. డబ్బాను సీటు మీదికి, అంటే వెనక ఇరుసుకు ముందుకు జరపాలి. బండి పుస్తకంలో చెప్పిన చిక్కదనం ఉన్న ఆయిల్ తిరిగి పోయించాలి. రోజూ అంత బరువు మోసేవాడైతే వెనక స్ప్రింగు ఒక మెట్టు గట్టిది వేయించాలి. కొత్త ఫోర్కు అక్కర్లేదు.

మీ బండి ముందు చక్రం మాట వినకపోతే మెకానిక్కు దగ్గరికి ఉత్త ఫిర్యాదుతో పోకండి. ముందు శాగ్, వెనక శాగ్, వెనక సొంత బరువు శాగ్, పొద్దున కొలిచిన టైరు గాలి. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకుని పోండి. అవి చేతిలో ఉన్నాక మెకానిక్కు “ఫోర్కు పోయింది” అనేముందు వెనక చక్రం వైపు ఒకసారి చూస్తాడు.